పత్తి కూలీలు, మాంసం కొట్లు, బార్బెక్యూ

ఆస్టిన్ వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవర్ని కదిపినా ఒకటే ప్రశ్న, "బార్బెక్యూ తిన్నావా?" అని. కోడ్ రివ్యూ గురించి అడిగినా చివరికి మాట బ్రిస్కెట్ దగ్గరే తేలేది. ఓ శనివారం ఇక తప్పక నలుగురం కారేసుకుని దక్షిణంగా ముప్ఫై మైళ్ళు పోయి లాక్‌హార్ట్‌లో తేలాం. ఊరు చూస్తే మన మండల కేంద్రమంత ఉంటుంది. వాసన మాత్రం ఊరు రాకముందే ఎదురొచ్చి పలకరిస్తుంది.

లోపలికెళితే ప్లేటు లేదు. మాంసం తూకం వేసి, ముదురు రంగు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. పక్కన నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఉల్లిపాయ, ఊరేసిన దోసకాయ, అంతే. ఇక్కడి క్రూజ్ మార్కెట్ అయితే సాసు ఇవ్వం, ఫోర్కు ఇవ్వం అని ఏళ్ళ తరబడి బోర్డు పెట్టుకుని మరీ అమ్మింది (ఈ మధ్య సాసు విషయంలో కాస్త మెత్తబడ్డారు లెండి). మా బ్యాచిలో ఇద్దరు టర్కీ దగ్గరే ఆగిపోయారు. నేను ఆగలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం టర్కీ తిన్నామనే చెప్పా.

సరే, ఇదేం మర్యాద, ప్లేటు కూడా ఇవ్వరా అని నాకు అనుమానం పట్టుకుంది. తవ్వి చూస్తే తెలిసిందేంటంటే ఇవి అసలు హోటళ్ళే కావు, మాంసం కొట్లు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు, చెక్‌లు మధ్య టెక్సస్‌కి వలసొచ్చి ఊరూరా మాంసం దుకాణాలు పెట్టారు. ఫ్రిజ్జులు లేని రోజులు. అమ్ముడుపోని ముక్కలు మర్నాటికి పాడవుతాయి. అందుకని కొన్నిటిని సాసేజ్ చేసేవాళ్ళు, కొన్నిటిని ఓక్ కట్టెల పొగమీద కాల్చి అమ్మేవాళ్ళు. ఎల్గిన్‌లోని సౌత్‌సైడ్ మార్కెట్ తన పుట్టుక 1882 అని చెప్పుకుంటుంది. క్రూజ్ 1900 నాటిది. పచ్చి మాంసం ఏ కాగితంలో చుట్టారో కాల్చిందీ అదే కాగితంలో చుట్టారు. అంటే ఇవాళ మనం "అథెంటిక్" అని ఫోటోలు తీసుకునే కాగితం అప్పట్లో పార్సిల్ కాగితమన్నమాట.

మరి కొన్నదెవరు? నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇక్కడే. ఈ ప్రాంతమంతా నల్లరేగడి, పత్తి పంట. గుంటూరు, వరంగల్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పత్తి తీతల కాలంలో నల్లజాతి కూలీలు, మెక్సికన్ కూలీలు వేలల్లో దిగేవాళ్ళు. ఊళ్ళో హోటళ్ళు వాళ్ళని లోపలికి రానివ్వవు. మాంసం కొట్టు రానిస్తుంది, లేదంటే వెనక తలుపు దగ్గరైనా అమ్ముతుంది. అక్కడ కాల్చిన మాంసం, బిస్కట్ల లాంటి క్రాకర్లు కొనుక్కుని, కొట్టు పక్కనో చెట్టుకిందో కూర్చుని చేత్తో తినేవాళ్ళు. రాబ్ వాల్ష్ లాంటి ఆహార చరిత్రకారులు టెక్సస్ బార్బెక్యూ వ్యాపారంగా నిలబడడానికి ఈ కూలీల ఆకలే కారణం అంటారు. చదువుతుంటే నాకు మన పల్లెటూరి టీ కొట్లు, రెండు గ్లాసుల పద్ధతి గుర్తొచ్చాయి. అక్కడా ఇక్కడా డబ్బులు మాత్రం ఒకే గల్లాపెట్టెలో పడేవి.

వండినవాళ్ళ సంగతీ అంతే. గొయ్యి తవ్వి, నిప్పులు పరిచి, రాత్రంతా మేలుకుని జంతువుని నిదానంగా కాల్చే పని అమెరికా దక్షిణాదిలో చాలావరకు బానిసలదే. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో బానిసత్వం రద్దయిందని ప్రకటించాక, ఏటా జరిగిన జూన్‌టీన్త్ పండగల్లో బార్బెక్యూ లేకుండా గడవలేదు. కానీ పత్రికల్లో చరిత్ర రాసేటప్పుడు జర్మన్ పేర్లొస్తాయి, చెక్ పేర్లొస్తాయి, వీళ్ళు ఒక వాక్యంలో అయిపోతారు. ఏడ్రియన్ మిల్లర్ 2021లో 'బ్లాక్ స్మోక్' అని ఏకంగా ఓ పుస్తకమే రాయాల్సి వచ్చింది.

ఇక తాతల కాలం నుంచీ బ్రిస్కెట్టే అనుకుంటే పొరపాటు. మొదట్లో కొట్టుకి ముందుకాళ్ళ వైపు భాగమంతా వచ్చేది, ఏ ముక్క మిగిలితే అది పొగలోకి. 1960ల చివర్లో మాంసాన్ని ముక్కలుగా విడదీసి పెట్టెల్లో పంపడం మొదలయ్యాక, చవగ్గా దొరికే బ్రిస్కెట్ ఒక్కటే తెప్పించుకోవడం వీలయింది. ఎద్దు రొమ్ము భాగం అది, మొండి కండ. పది, పన్నెండు గంటలు పొగలో పెడితే గానీ లొంగదు.

లాక్‌హార్ట్ వెళితే ఇంకో కథ కూడా తెలుసుకుని వెళ్ళండి. 1948లో క్రూజ్‌ని ఎడ్గర్ 'స్మిటీ' ష్మిట్ కొన్నాడు. వ్యాపారం కొడుకులకి అమ్మి, పోతూ పోతూ భవనం కూతురికి వదిలాడు. ఇంకేముంది, అద్దె దగ్గర అన్నాచెల్లెళ్ళకి చెడింది. 1999లో కొడుకు కొత్త భవనం కట్టుకుని, పాత పొయ్యిలోని నిప్పుల్ని ఒక తొట్టిలో వేసి వీధిలో ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి కొత్త పొయ్యి వెలిగించాడు. పాత భవనంలో చెల్లెలు తండ్రి పేరుతో స్మిటీస్ తెరిచింది. ఆస్తి పంపకాల్లో మనమే ఘనులం అనుకునేవాణ్ణి! నా ఓటు స్మిటీస్‌కే. గుమ్మంలోనే నేలమీద మండుతున్న కట్టెల పక్కనించి నడిచి పోవాలి.

టేలర్‌లోని లూయీ ముల్లర్ (1949) గోడలు పొగకి నల్లగా నిగనిగలాడుతుంటాయి. అక్కడి బీఫ్ రిబ్ ఒక్కటి ఇద్దరికి ఎక్కువ.

ఊళ్ళోనే తినాలంటే ఫ్రాంక్లిన్. 2009లో ట్రెయిలర్లో మొదలై, 2011లో ఈస్ట్ 11వ వీధిలోని భవనానికి మారింది. అంతకుముందు అక్కడున్నదీ బార్బెక్యూ కొట్టే, బెన్స్ లాంగ్ బ్రాంచ్. 1928 నగర ప్రణాళికలో నల్లజాతి వాళ్ళని తూర్పు వైపుకి నెట్టారు. 1962లో ఐ-35 హైవే వచ్చి మధ్యలో గోడలా నిలబడింది. 2000 నుంచి 2010 లోపు ఆస్టిన్ జనాభా 20 శాతం పెరిగితే వాళ్ళ సంఖ్య మాత్రం తగ్గింది. అద్దెలు పెంచినవాళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని దిగిన నాలాంటి వాళ్ళమూ ఉన్నాం. ఫ్రాంక్లిన్ లైన్లో మూడు గంటలు నిలబడ్డప్పుడు నా ముందూ వెనకా ఉన్నవాళ్ళు దాదాపు అందరూ ల్యాప్‌టాప్ బ్యాగు బాపతే. బ్రిస్కెట్ మాత్రం, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, వెన్న.

లైన్లు పడనివాళ్ళు లెక్సింగ్టన్‌లో స్నోస్‌కి పోవచ్చు, తూర్పున యాభై మైళ్ళు. శనివారం ఒక్కరోజే తెరుస్తారు, అదీ పొద్దున్న ఎనిమిదింటికి. 2008లో టెక్సస్ మంత్లీ పత్రిక ఇదే రాష్ట్రంలో మొదటిది అని రాసేనాటికి అక్కడ పొయ్యి దగ్గర నిలబడింది టూట్సీ టొమానెట్జ్, డెబ్భై దాటిన ఆవిడ. వారమంతా స్కూల్లో ఊడ్చే, తుడిచే పని, శుక్రవారం అర్ధరాత్రి దాటాక పార పట్టుకుని నిప్పులెగదోయడం. ఆ రాత తర్వాత అక్కడా లైన్లు మొదలయ్యాయనుకోండి. చీకటితోనే బయల్దేరండి, చలికాలమైతే స్వెట్టరు మర్చిపోకండి.