కణ్ణదాసన్ ఎప్పుడు ఆస్తికుడయ్యారు?

తమిళ కవి, సినీగేయ రచయిత కణ్ణదాసన్ (1927–1981) హేతువాద రాజకీయాల నుంచి దైవభక్తి వైపు మళ్లిన వైనాన్ని సాధారణంగా రెండు ముక్కల్లో చెబుతారు: 1961లో ద్రవిడ మున్నేట్ర కళగం (డి.ఎం.కె.) వీడారు, దేవుణ్ణి నమ్మారు. ఈ రెంటినీ ఒకే ఘటనగా చూడటానికి లభ్యమైన ఆధారాలు చాలవని అనిపిస్తుంది.

1. ఆయన విడిచిన నాస్తికత ఏపాటిదో ముందు చూడాలి. 1953లో హేతువాద నాయకుడు పెరియార్ వినాయక విగ్రహాలు పగలగొట్టే ఉద్యమం నడిపారు. 1949లోనే ఆయన నుంచి విడిపోయి అణ్ణాదురై స్థాపించిన డి.ఎం.కె. మాత్రం మానవకులం ఒకటే, దైవం ఒక్కడే అన్న భావాన్ని తిరుమూలర్ నుంచి స్వీకరించింది. కనుక 1950లలో డి.ఎం.కె.లో ఉన్నంత మాత్రాన ఒక రచయితను పెరియార్ తరహా నాస్తికుడిగా లెక్కించడం తొందరపాటు కావచ్చు.

2. కంబ రామాయణాన్ని ఖండించడానికే చదవడం మొదలుపెట్టి, దానికే లొంగిపోయారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అది అసంభవమేమీ కాదు. కంబన్ పట్ల ఆయనకున్న ఆరాధన జగద్విదితం. చిక్కంతా కాలం దగ్గరే. కంబ రామాయణాన్ని తగలబెట్టాలా వద్దా అన్న వాదంపై అణ్ణాదురై పండితులతో బహిరంగంగా తలపడింది 1943 తొలి నెలల్లో. అప్పటికి కణ్ణదాసన్‌కు పదహారేళ్లు నిండలేదు. కథను 1950లకు జరిపితే, పార్టీ స్వరం అప్పటికే మెత్తబడింది. పఠనం నిజం, దాని ప్రభావమూ నిజమే కావచ్చు. ఒక్క పఠనంతో మనసు మారిందన్న నాటకీయత మాత్రం తర్వాత చేరినదై ఉండవచ్చు.

3. ప్రధాన సాక్ష్యం ఆయన ఆత్మకథ 'వనవాసం'. తన వ్యసనాలను, బలహీనతలను దాచకుండా రాసిన మనిషి మాటకు విలువ ఇవ్వవలసిందే. అయితే తన గురించి నిజాయితీగా ఉన్నవారు మాజీ సహచరుల గురించి నిష్పాక్షికంగా ఉంటారన్న హామీ లేదు. పైగా అది పార్టీ వీడాక వెనక్కి చూసి రాసినది. అందులో ముందుకు వచ్చేది రాజకీయ ఆశాభంగం. 1961లో ఆయన నడిచిందీ గుడి వైపు కాదు, ఇ.వి.కె. సంపత్ స్థాపించిన తమిళ్ దేశియ కట్చి వైపు. 1964లో అది కాంగ్రెస్‌లో కలిసింది.

1960లో సొంతంగా నిర్మించిన 'కవలై ఇల్లాద మనిదన్' సినిమా తెచ్చిన నష్టాలే ఆయన్ను దేవుడి వైపు నెట్టాయనడం కూడా ఊహే.

4. సినిమా పాటలను ఆధారంగా చూపేవారు ఎక్కువ. ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం. 'తిరువిళైయాడల్' (1965)లో శివభక్తి ఉంది. 'పావ మన్నిప్పు' (1961)లో అల్లాను స్మరించే పాట ఉంది. రెండూ ఆయనవే. మొదటిదాన్ని బట్టి శైవుడంటే, రెండోదాన్ని బట్టి ముస్లిం అనవలసి వస్తుంది. పాత్ర కోసం రాసిన మాట కవి విశ్వాసానికి సాక్ష్యం కాదు. అంత గొప్ప పాటల్ని పక్కన పెట్టడం కష్టమే, కానీ పెట్టక తప్పదు.

5. ఇక సందేహానికి తావివ్వనిది వచనం. 1970లలో వెలువడటం మొదలై పది భాగాలకు పెరిగిన 'అర్థముళ్ళ ఇందుమదం' ఏ పాత్ర చాటునా లేకుండా, సొంత గొంతుతో రాసినది. అంటే పార్టీ వీడటానికీ, తిరుగులేని ఆధారానికీ మధ్య దాదాపు పదేళ్ల ఎడం ఉంది. ఆ పదేళ్లలో నమ్మకం క్రమంగా కుదురుకుందనుకోవడమే ఉన్న ఆధారాలకు ఎక్కువ సరిపోతుంది.

జీవితపు చివరి దశలో రాసిన 'యేసు కావియం' ఈ నిర్ణయానికి ఒక సవరణ కోరుతుంది. తిరుచిరాపల్లిలోని కలై కావేరి అనే క్రైస్తవ కళాసంస్థ కోరికపై రాసిన కావ్యమది. కనుక దాన్ని క్రైస్తవ విశ్వాస ప్రకటనగా తీసుకోలేం. అయినా హిందూమతంపై అన్ని సంపుటాలు రాసిన వ్యక్తి క్రీస్తు జీవితాన్ని పూర్తి కావ్యంగా మలచడానికి ఒప్పుకున్నారు. ఆయన చేరుకున్న ఆస్తికత పరమతాన్ని తోసిపుచ్చేది కాదనడానికి ఇంతకంటే గట్టి సూచన కనబడదు.