గీతలు కనబడలేదు

ఇలాంటి రాత్రులు భిలాయ్‌కి కొత్త కాదు. జులై వాన. ఉక్కు కర్మాగారం మీద మబ్బులు ఎర్రబారాయి. దుర్గ్ జిల్లా పల్లె నుంచి తడిసి ముద్దయి వచ్చిన 9 ఏళ్ల పిల్లాడు ఆస్పత్రి మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. మోకాళ్లు ముట్టుకోనివ్వడం లేదు.

"కీళ్లవాతం అన్నారు సార్. రెండేళ్లుగా నూనె రాస్తున్నాం." తల్లి గొంతు వణికింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా నొప్పులొచ్చాయా?"

తండ్రి తల దించుకున్నాడు. "మా తమ్ముడికి. చిన్నప్పుడే పోయాడు."

డాక్టర్ నర్సు వైపు తిరిగాడు. "రక్తం ఎక్కించకముందే శాంపిల్ తియ్యి." ఎక్కించాక తీస్తే దాత రక్తం కలిసి లెక్క తప్పుతుంది.

ల్యాబ్. డైథయోనైట్ ద్రావణంలో రక్తం పడింది. గొట్టం వెనక నల్లగీతల కాగితం. మామూలు రక్తమైతే గీతలు తేటగా కనబడాలి. 5 నిమిషాలు. టెక్నీషియన్ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తాడు.

గీతలు లేవు. మసక.

ఎర్ర రక్తకణాల్ని కొడవలిలా వంచే సికిల్ సెల్ లోపం ఉంది. కానీ ఈ గొట్టం చెప్పేది సగమే. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కరి నుంచే లోపం వచ్చినవాళ్ల రక్తం కూడా ఇలాగే మసకబారుతుంది, వాళ్లు దాదాపు మామూలుగానే బతికేస్తారు. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. మరి వీడు?

ఆ తేడాని కరెంటు పట్టిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న తన పౌరుల్నే అమెరికా నిర్బంధ శిబిరాల్లో కుక్కితే, అలాంటి శిబిరం నుంచి మెడిసిన్ చదవడానికి బయటపడ్డ హార్వే ఇటానో, తర్వాత రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ దగ్గర చేరి, హిమోగ్లోబిన్ ద్రావణంలోకి కరెంటు పంపి, జబ్బువాళ్ల హిమోగ్లోబిన్ వేరే తీరున కదులుతుందనీ, లోపాన్ని మోసేవాళ్లలో రెండు రకాలూ ఉంటాయనీ 1949లో తోటివాళ్లతో కలిసి తేల్చాడు. మూడేళ్లకే నీలగిరి గిరిజనుల్లో అదే లోపం దొరికింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. మన విశాఖ మన్యంలోనూ ఉంది.

మర్నాడు హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కాగితం వచ్చింది. పిల్లాడిలో లోపమున్న రకం, హిమోగ్లోబిన్ ఎస్, 80 శాతం దాటింది. తల్లికీ తండ్రికీ 40 లోపు. ఇద్దరూ మోస్తున్నారు. ఇద్దరికీ తెలీదు. నూనె రాసిన ఆ రెండేళ్లలో ఎప్పుడో జరగాల్సిన పరీక్ష ఇది.

"హైడ్రాక్సీయూరియా మొదలుపెడదాం. మాత్ర మానొద్దు. నీళ్లు బాగా తాగించండి. వానలో తడవనివ్వకండి..."

తల్లి వినడం లేదు. బెంచీ మీద పడుకున్న చిన్నదాన్ని లేపి, దాని చెయ్యి పట్టుకుని ముందుకు చాపింది.

"దీనిదీ తియ్యండి సార్."