పక్కవాద్యం – ద్వారం వారు

మన సంగీతంలో 'పక్కవాద్యం' అన్న మాట ఎంతో అర్థవంతమైనది. అది వెనుక నిలిచేది కాదు, పక్కన కూర్చునేది. అయినను, పాట పరీక్షకు వెళ్ళే పిల్లలలో కొందరు వాద్యకారుని తమ పనివానిగా భావించడం మా జాలరిపేటలోనూ చూస్తున్నాను. వారికోసమే ఈ నాలుగు మాటలు.

1919లో విజయరామ గజపతివారు విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. మన విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు, చూపు మందగించి బడిచదువు సాగక, అన్నగారి వద్ద వాయులీనం నేర్చుకున్నారు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చిన ఆయన వాద్యం విని, పెద్దలు ఆచార్య పదవినే ఇచ్చారని ప్రతీతి. అప్పటికాయన పాతికేళ్ళ ప్రాయంవారు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఎందరో గాయకుల పక్కన వాయించిన ఆ చేతులే 1938లో వేలూరులో ఒంటిగా కచేరీ చేశాయి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనను సంగీత కళానిధిని చేసింది. పక్కన కూర్చున్నవాడు తక్కువవాడు కాడనడానికి ఇంతకన్న సాక్ష్యమేల?

1952లో కేస్కర్ గారు మంత్రి అయిన పిమ్మట ఆకాశవాణి ఆడిషను కట్టుదిట్టమైంది. పేరు తెలియనీయక, గొంతు మాత్రమే విని శ్రేణి నిర్ణయించే పద్ధతి వచ్చింది. విశాఖ కేంద్రం 1963లో వెలసింది. గమనించవలసినదేమనగా, వాద్యకారులకూ ఇట్టి పరీక్షయే ఉన్నది. మీ పక్కనున్నవారు ఆ గడప దాటివచ్చినవారే.

పాశ్చాత్య దేశాలలో గాయకుడు పియానో వాద్యకారుని తరచు పరీక్ష గదిలోనే తొలిసారి కలుస్తాడు. అందుచేత స్వరలిపి ప్రతిని చక్కగా అందించి, ఎక్కడ ఎత్తుకోవాలో, ఎంత వేగమో మెల్లగా చెప్పి, చివర కృతజ్ఞత తెలుపుతాడు. తప్పిదం జరిగితే వాద్యకారుని వైపు గుర్రుగా చూడడం అక్కడ అమర్యాద.

మనకు కాగితం లేదు. కనుక నోటిమాట మరింత అవసరం. వాయులీనం తంత్రులను మీ శ్రుతికి బిగించుకోవాలి. మృదంగమో, ఒక్కొక్కటి ఒక్కొక్క శ్రుతికే ఇముడుతుంది. ముందు తెలిస్తేనే తగినది తెచ్చుకోగలరు. కావున నమస్కరించి, "అయ్యా, నా శ్రుతి ఇది, రాగం ఇది, తాళం ఇది, ఎత్తుగడ సమం కాదు, అనాగతం" అని ముందే విన్నవించండి. ఆలాపన ముగించి, వారి బదులుకు చోటివ్వండి. ఆ సమయంలో తలదించి పుస్తకం తిరగేయక, వినండి. గొంతు జారిననాడు శ్రుతిని పట్టి నిలిపేది ఆ తీగెలే.

లోపలికి వెళ్ళేముందు వారి పేరు అడిగి తెలుసుకోండి. బయటకు వచ్చాక, ఫలితం ఎట్లున్నా, ఆ పేరుతో పిలిచి నమస్కరించండి.