స్లీప్ ఆప్నియా: రోగి నమ్మకాన్ని కొలిచే ప్రశ్నల చరిత్ర

నిద్రలో గొంతు వెనుక భాగం మూసుకుపోయి, ఊపిరి కొన్ని సెకన్లు ఆగి, మనిషి ఉలిక్కిపడి మళ్లీ శ్వాస తీసుకొనే వ్యాధిని స్లీప్ ఆప్నియా అంటాము. రాత్రంతా ఇదే తంతు. పగటి కునికిపాట్లు, అధిక రక్తపోటు, వాహనం నడుపుతూ నిద్రపోవడం దీని వెంట వచ్చే ప్రమాదాలు.

1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో డాక్టర్ కోలిన్ సలివాన్ బృందం దీనికొక చికిత్సను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ముక్కుకు మాస్కు తగిలించి, కొద్దిపాటి ఒత్తిడితో గాలిని ఎడతెగకుండా పంపితే గొంతు మూసుకుపోదు. అదే నేటి సీపాప్ యంత్రం. ఆ తొలి నివేదికలోని రోగులు అయిదుగురే.

యంత్రం ఫలించింది కాని, దానిని ప్రతి రాత్రి ధరించవలసినవాడు రోగి. ఎందరో కొద్ది వారాలకే దానిని అటకెక్కించారు. లోపం యంత్రంలో కాదు, ‘ఇది నా వల్ల కాదు’ అన్న భావనలో ఉన్నదని వైద్యులు క్రమంగా గ్రహించారు.

ఈ భావనకు 1977లోనే ఆల్బర్ట్ బండూరా అనే మనోవిజ్ఞాని శాస్త్రరూపం ఇచ్చాడు. ఒక పని వలన మేలు కలుగుతుందని నమ్మడం వేరు, ఆ పనిని నేను చేయగలనని నమ్మడం వేరు. ఈ రెండవదే స్వీయ సామర్థ్య విశ్వాసం. దీని ఆధారంగా 2003లో అమెరికాలో టెర్రీ వీవర్, ఆమె సహచరులు స్లీప్ ఆప్నియా రోగుల కోసం 26 అంశాల ప్రశ్నావళిని వెలువరించారు. వ్యాధి వలన ముప్పు ఎంత, చికిత్స వలన మేలు ఎంత, ముక్కు దిబ్బడ వేసినా, మాస్కు బిగుతుగా ఉన్నా యంత్రాన్ని వాడతారా అన్నవి అందులోని మూడు భాగాలు.

టర్కీ వైద్యులకు ఈ సాధనం అవసరమైంది. యంత్రాన్ని పెట్టెలో దిగుమతి చేసుకోవచ్చును, ప్రశ్నను అలా చేసుకోలేము. స్వీయ సామర్థ్యానికి టర్కీ భాషలో ‘ఓజ్‌యెతెర్లిక్’ అనే మాట ఉన్నది. ‘ఓజ్’ అంటే తాను, ‘యెతెర్లిక్’ అంటే చాలినంత శక్తి. కాని మాట దొరికినంత మాత్రాన చిక్కు తీరదు. మన ‘వాడగలను’ వలెనే టర్కీ భాషలోనూ ‘కుల్లనాబిలిరిమ్’ అన్న ఒక్క క్రియలో సామర్థ్యం ప్రత్యయంగా ఇమిడి ఉంటుంది. అయితే అదే మాటకు ‘వాడతానేమో’ అనే అర్థమూ ఉన్నది. ధైర్యాన్ని కొలవబోయి సందేహాన్ని కొలిచే ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది.

ఇటువంటి పొరపాట్లు పట్టుకొనేందుకు 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ఒకరు అనువదించినదాన్ని, మూలం చూడని మరొకరు తిరిగి మూలభాషలోకి మారుస్తారు. రెండు పాఠాలను పోల్చి తేడాలు సరిదిద్దుతారు. పిమ్మట రోగులచేత పూరింపజేస్తారు. ఒకే భాగంలోని ప్రశ్నలకు జవాబులు పొంతన కుదురుతున్నాయా అన్నది 1951లో లీ క్రాన్‌బాక్ ప్రతిపాదించిన ఆల్ఫా అనే సంఖ్య చెబుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అడిగి, జవాబులు నిలకడగా ఉన్నాయేమో చూస్తారు. మూలంలోని మూడు భాగాలు కొత్త భాషలోనూ విడివిడిగా నిలుస్తున్నాయో లేదో గణించి చూస్తారు. ఇవన్నీ దాటిన పిమ్మటనే అనువాదం కొలమానమవుతుంది.

నా సర్వీసులో ఇంగ్లీషు ప్రశ్నలను ఓపీలో అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగినవాడిని నేను. ‘మిషను వాడగలరా?’ అంటే ఒక పెద్దాయన ‘అట్లాగేనండి డాక్టరుగారూ’ అన్నాడు. మూడు నెలల తరువాత అతని కుమారుడు చెప్పిన సంగతి, ఆ పెట్టె సీలు కూడా విప్పలేదని. ఆయన అబద్ధమాడలేదు, నా ప్రశ్నకు మర్యాద చూపాడు. అడగడం తెలియనివాడిని నేనే.

కనుక మీ ఇంట్లో ఎవరికైనా సీపాప్ వ్రాసి ఇస్తే, వాడలేమనిపించిన మొదటి రాత్రి మరునాడే ఆ మాట వైద్యునితో చెప్పండి. మాస్కు మార్చవచ్చును, గాలి ఒత్తిడి సరిచేయవచ్చును. చెప్పకుండా దాచిన భయానికి మాత్రం మందు లేదు.