ఆయాసానికీ జ్ఞాపకానికీ ఉన్న చుట్టరికం



ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మన సరిహద్దు ఊళ్ల పిల్లలు రోజూ మోసే మోత ఇది. పర్లాకిమిడి ప్రాంతంలో రెండు భాషల్లోనూ పాఠం చెప్పే పంతుల్ని నేను. పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే మా ఉపాధ్యాయులం మొదట చేసే పని డ్రిల్లు పీరియడును మింగెయ్యడం. ఆ కాస్త సమయంలో ఇంకో పాఠం అయిపోతుంది గదా అని. నేనూ చాలా ఏళ్లు ఆ పని చేశాను. కిటికీలోంచి మైదానం వైపు చూసే పిల్లల్ని కసిరాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఎందుకో చెబుతాను, వినండి.

వ్యాయామం మన ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు మద్రాసులోని సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారే. తరువాత సర్కసు పెట్టి, గుండెల మీద ఏనుగును నిలుపుకొని దేశమంతా పేరు పొందారు. చివరి రోజులు ఒడిషాలోనే, బలంగీర్ వైపు గడిపి 1942లో కన్నుమూశారు. గోదాలో దండీలు, బస్కీలు తీస్తే ఒళ్లు గట్టిపడుతుందని మన పెద్దలకు తెలుసు. అయితే కండపుష్టి ఉన్నవాడికి బుద్ధిపుష్టి తక్కువని వెక్కిరించే నోళ్లు కూడా మన ఊళ్లలో ఉన్నాయి. కండ వేరు, బుర్ర వేరు అని మన లెక్క.

శాస్త్రజ్ఞుల లెక్క కూడా చాలాకాలం ఇంతే. మెదడులోని నాడీకణాల రూపాన్ని లోకానికి చూపించి, 1906లో నోబెల్ బహుమతి అందుకున్న స్పెయిన్ పండితుడు రమోన్ ఈ కహాల్ పెద్దవాళ్ల మెదడులో చచ్చిన కణం చచ్చినట్టేనని, కొత్తది పుట్టదని తేల్చారు. అంతటివాడు చెప్పాక ఎదురుచెప్పేదెవరు? 1960లలో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే ఆయన ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడుతున్నట్టు చూపించారు. 1965 నాటి పరిశోధనలో ఆయనతోపాటు గోపాల్ దాస్ పేరు కూడా ఉంది. కాని ఆ మాటను చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మనుషుల సంగతి 1998లో బయటపడింది. ఆ కథ వింటే మనసు బరువెక్కుతుంది. స్వీడన్‌లో కొందరు క్యాన్సర్ రోగులకు కణితి ఎంత వేగంగా పెరుగుతోందో కొలవడానికి ఒక రసాయనం ఎక్కించారు. కొత్తగా పుట్టే ప్రతి కణం మీదా ఆ మందు గుర్తు వేస్తుంది. ఆ రోగుల్లో ఐదుగురు చనిపోయిన తరువాత పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందం వారి మెదళ్లను పరీక్షించింది. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఆ గుర్తులు పడిన నాడీకణాలు కనిపించాయి. మృత్యువు ముంగిట ఉన్న మనుషుల మెదళ్లలో కూడా కొత్త కణాలు పుట్టాయన్నమాట. ఎంత సంఖ్యలో పుడతాయన్న దాని మీద 2018లో మళ్లీ పెద్ద వాదం లేచింది. అది ఇంకా తెగలేదు.

ఇక పరుగు సంగతి. 1995లో కాలిఫోర్నియాలో కార్ల్ కాట్‌మన్ బృందం ఎలుకలకు తిరుగుడు చక్రం ఇచ్చి పరుగెత్తనిచ్చింది. వాటి మెదడులో బీడీఎన్ఎఫ్ అనే పదార్థం పెరిగింది. మొక్కకు ఎరువు ఎలాగో నాడీకణానికి ఇది అలాగ. కాళ్లు కదిలితే కాళ్లలో మార్పు రావాలి, మెదడులో ఎందుకు వచ్చిందని అందరూ ఆశ్చర్యపోయారు. 1999లో గేజ్ ప్రయోగశాలలోనే హెన్రియెట్ వాన్ ప్రాగ్ పరుగెత్తిన చుంచెలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు ఎక్కువగా మిగిలాయని చూపించారు.

పంతులుగా నన్ను పట్టుకున్నది మాత్రం 2007లో జర్మనీలో వెలువడిన ఒక పరిశోధన. 27 మంది యువకులు. ఒకసారి ఊరికే కూర్చోబెట్టారు. ఒకసారి నెమ్మదిగా పరుగెత్తించారు. ఇంకోసారి మూడేసి నిమిషాలపాటు రెండుసార్లు, వేగం పెంచుకుంటూ, రొప్పు వచ్చేదాకా పరుగెత్తించారు. ప్రతిసారీ తరువాత తెలియని కొత్త పదాలు నేర్పారు. గట్టిగా పరుగెత్తిన రోజున పదాలు 20 శాతం వేగంగా పట్టుబడ్డాయి. కొత్త మాటలు నేర్చుకోవడమే మన పిల్లల బతుకు కదా! ఒడియా పదాల పట్టిక ముందేసుకుని కునికిపాట్లు పడే గుంటలకు నేను చేసిందేమిటి? మైదానం తలుపు మూశాను.

గట్టి వ్యాయామం అంటే ఏమిటని మీరు అడగవచ్చు. మాట్లాడబోతే వాక్యం మధ్యలో ఊపిరి ఆగాలి. అప్పుడు కండరాల్లో లాక్టేట్ ఎక్కువగా తయారవుతుంది. దీన్ని వెనకటి పాఠ్యపుస్తకాల్లో వ్యర్థపదార్థం అని రాశారు, మేమూ అలాగే వల్లె వేయించాం. నిజానికి అది రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది, అక్కడ ఇంధనంగా కూడా పనికొస్తుంది. చుంచెలుకల మీద 2019లో వచ్చిన ఫలితం ప్రకారం బీడీఎన్ఎఫ్ పెరగడానికి ఈ లాక్టేటే ఒక కబురు.

ఇంతవరకూ విని, ఇంట్లో మతిమరుపు పడిన పెద్దాయనను రేపటినుంచి పరుగెత్తిద్దామని అనుకోకండి. బ్రిటన్‌లో డిమెన్షియా వచ్చిన 494 మందితో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. నాలుగు నెలలు గట్టి వ్యాయామం చేయించారు. ఒంట్లో సత్తువ పెరిగింది, మతి మాత్రం మెరుగుపడలేదు. వ్యాయామం చేసినవారి ఫలితాలు కొంచెం అధ్వానంగానే ఉన్నాయి. మా ఇంట్లో నాన్నగారు నా పేరు తడుముకునే రోజుల్లో ఈ ఫలితం చదివాను. ఒక ఆశ అక్కడే ఆగిపోయింది. జబ్బు ముదిరాక కంటే ముందు చేసినప్పుడే ఫలితం కనిపిస్తోంది. 2011 నాటి అమెరికా పరిశోధనలో 120 మంది వృద్ధుల్లో కొందరు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచారు. వారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడవనివారిది తగ్గింది. అది నడకే సుమండీ, పరుగు కాదు. 2024లో ఆస్ట్రేలియానుంచి వచ్చిన పరిశోధనలో 65 నుంచి 85 ఏళ్ల వారు ఆరు నెలలు విరామాలతో కూడిన గట్టి వ్యాయామం చేశారు. జ్ఞాపకశక్తిలో ఆ లాభం ఐదేళ్ల దాకా నిలిచిందని అన్నారు. నార్వేలో ఐదేళ్లు సాగిన పెద్ద అధ్యయనంలో మాత్రం బుద్ధి విషయంలో అంత స్పష్టమైన తేడా రాలేదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా రొప్పు దాకా పోవద్దు.

ఈ ఏడు టైంటేబుల్ వేసేటప్పుడు డ్రిల్లు పీరియడును రోజు చివరినుంచి తీసి, ఒడియా పాఠానికి ముందు పెట్టమని అడిగాను. సహోపాధ్యాయులు నవ్వారు. చెమట కంపు కొడుతూ క్లాసుకు వస్తారండీ అన్నారు. పెద్దమాస్టారు చూద్దాం అన్నారు. పదో తరగతికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మళ్లీ అడుగుతాను.