చిత్రాల పట్టీ

తెలుగువారి తొలి మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921లో వెలువడింది. నేడు దాని పేరే మిగిలింది గాని బొమ్మ మిగల్లేదు. 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నెలకొల్పేనాటికే ఎన్నో పాత చిత్రాలు నశించిపోయాయి.

1976లో జపానులో వి.హెచ్.ఎస్. క్యాసెట్ పుట్టింది. దానితో సినిమా ఇంటికి వచ్చింది. కువైట్ దక్షిణాన, సౌదీ సరిహద్దు దాపున, తోటలూ చమురు బావులూ ఉన్న వఫ్రా వంటి దూరపు చోట ఇది చిన్న మేలు కాదు. క్యాసెట్ల తర్వాత డిస్కులు వచ్చాయి. ఇప్పుడు ఇంట్లోని చిన్న సర్వరులో వందల చిత్రాలు ఇముడుతున్నాయి.

అయితే పట్టీ సరిగా లేకపోతే ఉన్నదీ లేనట్టే. ‘దేవదాసు’ అన్న పేరుతోనే 1953, 1974, 2006లలో తెలుగు చిత్రాలు వచ్చాయి. ‘మల్లీశ్వరి’ 1951లో బి.ఎన్.రెడ్డి గారు తీసినది ఒకటి, 2004లో వచ్చినది మరొకటి. సంవత్సరం రాసి లేకపోతే, చోటు చాలనప్పుడు పాతదాన్ని నకలనుకొని తుడిచివేస్తాము.

కనుక పెద్దలకు నా మనవి. ప్రతి చిత్రానికీ పేరు, సంవత్సరం, దర్శకుని పేరు తెలుగు లిపిలోనే పట్టీలో చేర్చండి. వేరొక డిస్కులో రెండో ప్రతి దాచండి. ఆ పట్టీని సాయంకాలపు తరగతి పిల్లల చేత రాయించండి. వారికి చదువూ అవుతుంది, చిత్రాలకు రక్షణా అవుతుంది.