లారీకి ఇంజిన్ మారుస్తున్నారా? గేర్‌బాక్సు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

సత్యవేడు: ఛాసిస్ గట్టిగా ఉండి ఇంజిన్ మాత్రమే పోయిన పాత లారీకి సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేయించుకోవడం మామూలే. కొత్తగా వేసే ఇంజిన్ పాతదానికంటే బలమైనదైతే పాత గేర్‌బాక్సు దాన్ని తట్టుకోకపోవచ్చు. శ్రీసిటీ నుంచి చెన్నైకి సరుకు తోలే బండి దారిలో ఆగిపోతే ఆ కిరాయి పోతుంది, ఫైనాన్స్ కంతు కూడా తప్పుతుంది.

టార్క్ ముఖ్యం

గేర్లను విరిచేది హార్స్‌పవర్ కాదు, టార్క్. అంటే ఇంజిన్ షాఫ్టును తిప్పే బలం. 180 హార్స్‌పవర్ ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది సుమారు 506 న్యూటన్ మీటర్లు. డీజిల్ ఇంజిన్‌కు గరిష్ఠ టార్క్ ఇంకా తక్కువ ఆర్‌పీఎంలోనే వస్తుంది, అది దీనికంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఇంజిన్ గరిష్ఠ టార్క్ కంటే ఎక్కువ తట్టుకునే బాక్సు కావాలి. టాటా జి 600, జి 950, జెడ్‌ఎఫ్ 9ఎస్ 1110 వంటి పేర్లలోని పెద్ద సంఖ్య సుమారుగా ఆ సామర్థ్యాన్నే చెబుతుంది. 9ఎస్‌లో 9 అంటే ముందు గేర్ల సంఖ్య.

ఫస్ట్ గేరు నిష్పత్తి 6, వెనుక ఆక్సిల్ నిష్పత్తి 5 అనుకుంటే, ఇంజిన్ బలం చక్రాల దగ్గరికి వచ్చేసరికి 30 రెట్లవుతుంది. కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాస్‌లు, ఆక్సిల్ కూడా ఆ బలానికి సరిపోతాయో లేదో చూడాలి. మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరుకు లోడు తోలేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

కుదరాల్సిన కొలతలు

బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు, ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు, దాని పొడవు, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు సైజు అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే బండిలోవి జతగా దొరికితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. టిప్పరైతే పీటీఓ బిగించే చోటు ఉందా అని కూడా అడగాలి.

పాత బాక్సు కొనేముందు

- ఆయిల్ దింపి చూడాలి. బంగారు రంగు పొడి కనిపిస్తే సింక్రో రింగులు అరిగినట్టు. అయస్కాంతానికి ఇనుప ముక్కలు అంటుకుంటే గేర్లో బేరింగులో దెబ్బతిన్నట్టు.
- న్యూట్రల్‌లో శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్టు వైపు బేరింగులను అనుమానించాలి.
- వీలైతే లోడు బండిలో నడిపి చూడాలి. గేరు తనంతట తాను జారి న్యూట్రల్‌లోకి వస్తే ఆ బాక్సు వద్దు.
- సింక్రో లేని బాక్సులో అరిగిపోయే రింగులుండవు. కానీ డబుల్ క్లచ్ అలవాటు లేని డ్రైవర్ చేతిలో గేరు పళ్లు త్వరగా పోతాయి.

కాగితాలు

ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చినవాళ్లు 14 రోజుల్లోగా తెలియజేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆర్‌సీలో ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే ఫిట్‌నెస్ దగ్గర, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి. అందుకే ఇంజిన్, గేర్‌బాక్సు కొన్న రసీదుల మీద నంబర్లు రాయించుకుని భద్రపరచుకోవాలి. అనుమతి చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వడం మేలు.